ఎవరి కుడి?

మొన్న సంక్రాంతికి మా మనవడు హైదరాబాదు నుంచి వస్తూ తన సంచిలో ఒక డ్రోన్‌ను తెచ్చాడు. వాడికి పన్నెండేళ్ళు. అరచేతిలో ఇమిడిపోయే శరీరం, నాలుగు మూలలా నాలుగు చేతులు, ఒక్కొక్క చేతి కొసన ఒక్కొక్క చిన్న పంకా. పెట్టె మీద బరువు వంద గ్రాములకు లోపేనని రాసి ఉంది. 2021లో వచ్చిన డ్రోన్ నియమాలలో 250 గ్రాములు మించనివాటిని 'నానో' తరగతి అన్నారు. వాటిని ఎగరవేయడానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అది తెలుసుకుని కొంత ధైర్యం చిక్కించుకున్నాను. ఇంగ్లీషులో డ్రోన్ అంటే పోతుటీగ కదా, దీన్ని మనం 'తుమ్మెద' అని పిలుచుకుందామా అని మనవణ్ణి అడిగాను. "డ్రోన్ అంటే డ్రోనే తాతయ్యా" అని తీర్పు చెప్పేశాడు. జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పిన నేను ఆ తీర్పుకు తల ఒగ్గక తప్పలేదు.

భోగి మరునాడు ఉదయం మా ఊరి హైస్కూలు మైదానానికి వెళ్ళాం. రిమోట్ మీద రెండు స్టిక్కులు ఉన్నాయి. ఎడమదాన్ని పైకి తోస్తే డ్రోన్ లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది, పక్కలకు తోస్తే ఉన్నచోటనే తల తిప్పుతుంది. కుడిదాన్ని ముందుకు తోస్తే ముందుకు, వెనక్కు లాగితే వెనక్కు, పక్కలకు తోస్తే పక్కలకు జరుగుతుంది. ఇంతే. మనవడు డ్రోన్ తోకను నా వైపు పెట్టి నేల మీద ఉంచాడు. మెల్లగా లేపాను. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. ఇందులో కష్టమేముంది అనిపించింది. అయిదు నిమిషాలు గడిచేసరికి చుట్టూ నడకకు వచ్చినవారు ఆగి చూడటం కూడా గమనించాను. అదే కొంప ముంచింది.

ఎడమ స్టిక్కు ఎప్పుడు పక్కకు ఒత్తానో నాకే తెలియదు. డ్రోన్ సగం చుట్టు తిరిగి నా వైపు ముఖం పెట్టింది. నాలుగు చేతులూ ఒకేలా ఉన్న వస్తువు. తిరిగినట్టు నా కంటికి ఆననే లేదు. ఆ తరువాత అది నా మీదికి రావడం మొదలుపెట్టింది. మీదికి వచ్చేదాన్ని మనిషి ఏం చేస్తాడు? దూరంగా తోస్తాడు. నేనూ కుడి స్టిక్కును దూరంగా తోశాను. అది మరింత వేగంగా వచ్చింది. ఇంకా బలంగా తోశాను. రివ్వున నా చెవి పక్కగా దూసుకుపోయి, వెనక ఉన్న ప్రహరీగోడకు కొట్టుకుని పడింది. రెండు రెక్కలు విరిగాయి.

మనవడు పరుగెత్తి వెళ్ళి దాన్ని తీసుకువచ్చాడు. నవ్వలేదు, విసుక్కోలేదు. "అందరికీ అలాగే అవుతుంది తాతయ్యా" అంటూ సంచిలోంచి కొత్త రెక్కలు తీశాడు. వాటి మీద ఏ, బీ అని సూక్ష్మాక్షరాలు. ఎదురెదురు మూలల రెక్కలు ఒకే దిశలోనూ, పక్కపక్క మూలలవి వ్యతిరేక దిశల్లోనూ తిరుగుతాయట. ఒకదాని చోట మరొకటి పెడితే లేవగానే బోర్లా పడుతుందట. కళ్ళజోడు సవరించుకుని అక్షరాలు నేను చదివాను, వాడు బిగించాడు. బిగిస్తూ ఒక్క మాట అన్నాడు. "నీ కుడి కాదు తాతయ్యా, దాని కుడి."

మాట అర్థమైంది గాని చేతికి ఎక్కలేదు. అది చూసి వాడొక ఉపాయం చేశాడు. "ఇప్పుడు నువ్వే డ్రోన్. చేతులు చాచు" అన్నాడు. అరవై దాటిన పంతులు మైదానం మధ్య చేతులు చాచి నిలబడ్డాడు. వాడు పది అడుగుల దూరాన నాకు ఎదురుగా నిలిచి రిమోట్ పట్టుకున్నట్టు నటిస్తూ "కుడి" అన్నాడు. నేను నా కుడికి జరిగాను. "నేనెటు చూస్తున్నానో చూడు. నువ్వు నా ఎడమకు పోయావు" అన్నాడు. "ముందుకు" అన్నాడు. నడిచాను. వాడి దగ్గరకు వచ్చాను. తరువాత నన్ను పక్కకు తిప్పి నిలబెట్టాడు. ఈసారి నా ముఖం వాడి ఎడమ వైపుకు ఉంది. "కుడి" అన్నాడు. నా కుడికి జరిగితే వాడికి దూరమయ్యాను. పైకీ కిందికీ మాత్రం ఈ తారుమారు లేదు. ఆకాశం ఎవరు ఎటు తిరిగినా ఆకాశమే. మారేవి ముందూ వెనకా, కుడీ ఎడమా. అవి ఒంటిని అంటిపెట్టుకుని ఉంటాయి. ఒళ్ళు తిరిగితే అవీ తిరుగుతాయి.

ఇది నాకు తెలియని సంగతా? వృత్తిరీత్యా తెలిసి ఉండవలసిన సంగతి. దక్షిణమంటే సంస్కృతంలో కుడి అనీ అర్థం, దక్షిణ దిక్కు అనీ అర్థం. తూర్పు ముఖంగా నిలబడినవాడికి కుడిచేతి వైపున ఉండేది దక్షిణం కనుక. పూర్వమంటే ముందున్నది, పశ్చిమమంటే వెనకనున్నది. అంటే మన దిక్కుల పేర్ల నడుమ, ఉదయిస్తున్న సూర్యుడి వైపు చూస్తూ నిలుచున్న మనిషి ఒకడు దాగి ఉన్నాడు. ప్రదక్షిణమంటే దేవుణ్ణి మన కుడివైపు ఉంచుకుని తిరగడం. సవ్యమనే మాట సంగతి ఇంకా తమాషా. అమరకోశంలో సవ్యమంటే ఎడమ. ఎడమచేతితోనూ బాణం వేయగలవాడు కనుకనే అర్జునుడు సవ్యసాచి అయ్యాడు. అదే మాట తెలుగులో 'సరియైనది' అయి, పాఠ్యపుస్తకాలలో గడియారపు ముల్లు తిరిగే దిశకు 'సవ్యదిశ' అని పేరయింది. పటంలో సీతమ్మవారు రాముడికి ఎడమవైపున ఉంటుంది, చూసే మనకు కుడివైపున కనిపిస్తుంది. ఇవన్నీ తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. చెప్పడం వేరు, చేతులు చాచి నిలబడటం వేరు.

అలా నిలబడి ఉండగానే నాకు మరొక మైదానం గుర్తుకు వచ్చింది.

1989 ఆగస్టు. అప్పుడు పనిచేస్తున్న బడిలో డ్రిల్లు మాస్టారు సెలవులో ఉన్నారు. పదిహేనో తేదీ కవాతుకు ఆరో తరగతి పిల్లలను తయారుచేసే పని నా మీద పడింది. వరుసలకు ఎదురుగా నిలబడి "కుడి చెయ్యి ముందుకు" అంటూ నా కుడి చెయ్యి చాచాను. పిల్లలందరూ కుడి చేతులు చాచారు. ముందు వరుసలో ఒకడు మాత్రం ఎడమ చెయ్యి చాచాడు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ ఎడమే. ఆరో తరగతికి వచ్చినవాడికి కుడి ఎడమలు తెలియవా అని దగ్గరకు వెళ్ళి, చాచిన ఆ చేతి కణుపుల మీద బెత్తంతో ఒక్కటి వేశాను. వాడు ఏడవలేదు. చెయ్యి మార్చాడు.

ఆ తరువాత వాడు ఎన్నడూ పొరబడలేదు. "కుడి" అనగానే ఎడమచేతి కణుపులను బొటనవేలితో ఒకసారి తడుముకునేవాడు, తరువాత రెండో చెయ్యి చాచేవాడు. అది నేను చూశాను. పాఠం బాగా నాటుకుందని సంతోషించాను కూడా.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు వరుసలో నన్ను శ్రద్ధగా చూసినవాడు వాడొక్కడే. మిగిలినవారు మాట విన్నారు. వాడు గురువు చెయ్యి ఏ పక్కన లేచిందో ఆ పక్కనున్న తన చెయ్యి ఎత్తాడు, అద్దంలో నీడలాగా. ఎదురుగా నిలబడి నేర్పే వ్యాయామ శిక్షకులు కొందరు 'కుడి' అంటూ తమ ఎడమ చెయ్యి ఎత్తుతారు, చూసేవారికి సులువుగా ఉంటుందని. లేకపోతే పిల్లలకు వీపు పెట్టి నిలబడి చూపాలి. నేను ఆ రెండూ చేయలేదు. నా కుడి వాడికి ఏ పక్కన కనిపిస్తోందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పొరపాటు చేసిన చెయ్యి ఒకరిది, దెబ్బ తిన్న చెయ్యి ఇంకొకరిది.

మనవడు "తాతయ్యా, డ్రోన్ ఆగిపోయిందేం?" అన్నాడు. చేతులు చాచి అలాగే నిలబడిపోయాను కాబోలు.

కనుమ వెళ్ళిన మరునాడు వాడు తిరిగి వెళుతూ డ్రోన్‌ను నాకే వదిలి వెళ్ళాడు. తోక వైపు చేతులకు ఎర్ర టేపు చుట్టి, "ఏమీ తోచకపోతే హెడ్‌లెస్ మోడ్ పెట్టుకో" అని చెప్పాడు. ఆ మీట నొక్కితే డ్రోన్ లేచేటప్పుడు ఏ దిక్కుకు ముఖం పెట్టి ఉందో గుర్తుపెట్టుకుని, తరువాత తాను ఎటు తిరిగినా ఆ మొదటి దిక్కునే 'ముందు'గా లెక్కవేస్తుంది. మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె నోట కుడి ఎడమలు వచ్చేవి కావు. "ఆ చెంబు కాస్త తూర్పుకు జరుపు", "పడమటి పక్కన కూర్చో" అనేది. ఎవరు ఎటు తిరిగి ఉన్నా తికమక లేదు. రెండు రోజులు ఆ పద్ధతిలో హాయిగా ఎగరవేశాను. మూడో రోజు మాట్లాడుతూ నేనే పక్కకు తిరిగి నిలబడ్డాను. దాని 'ముందు' ఒకటి, నా 'ముందు' ఒకటి అయ్యాయి. పైగా ఒకటి రెండు దెబ్బలు తగిలాక దాని లెక్క తప్పి, ముందు అంటే ఏటవాలుగా పోసాగింది. దిక్కు దానికి వదిలేసినంతకాలం అది ఎటు చూస్తోందో నేను చూడను. చూడనివాడికి రాదు. ఆ మీట మానేశాను.

ఇప్పుడు ఉదయం ఆరు గంటలకే వెళుతున్నాను. గాలి లేవకముందు మాత్రమే ఇంత తేలిక వస్తువు మాట వింటుంది. బ్యాటరీ ఏడెనిమిది నిమిషాలు వస్తుంది. మొదట తోక నా వైపు పెట్టి ఒకేచోట నిలపడం, తరువాత పక్కవాటుగా నిలపడం, చివరికి ముఖాముఖి. తికమకైనప్పుడు నా ఒంటిని కూడా అది చూసే దిక్కుకు తిప్పి, భుజం మీదుగా దాన్ని చూస్తాను. వెంటనే దాని కుడి, నా కుడి ఒకటవుతాయి. ముఖాముఖికి ఒక కిటుకు ఉంది. అది ఏ పక్కకు వంగి జారిపోతుంటే, కుడి స్టిక్కును ఆ పక్కకే వంచాలి; వాలిపోతున్న పందిరికి గుంజ ఊతం పెట్టినట్టు. కుడా ఎడమా అని ఆలోచించే పనే ఉండదు. దూరం పోయి ఎర్ర టేపు కనిపించకపోతే, కుడి స్టిక్కును కొద్దిగా ముందుకు తోసి అది ఎటు కదిలిందో చూస్తాను. అటే దాని ముఖం. ఏమీ పాలుపోకపోతే ఎడమ స్టిక్కు కిందికి. గడ్డిలో పడితే నష్టం లేదు. మనవడి ఆజ్ఞ అది.

రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు విమానాలను కూడా చూస్తున్నాను. విమానానికి ఎడమ రెక్క కొసన ఎర్రదీపం, కుడి రెక్క కొసన పచ్చదీపం ఉంటాయి. ఎర్రదీపం నా కుడివైపున, పచ్చదీపం నా ఎడమవైపున కనిపిస్తే అది నాకు ఎదురు వస్తున్నట్టు. మీరూ ఒకసారి చూడండి.

ముఖాముఖిగా ఒక నిమిషం నిలపగలుగుతున్నాను. ఎనిమిది అంకె చుట్టడం ఇంకా రాలేదు. రెండు సున్నాలు కలిసేచోట ఇప్పటికీ చెయ్యి తడబడుతుంది. వేసవి సెలవులకు మనవడు వచ్చేలోగా సాధించాలని పట్టుదల.

ఆ పిల్లవాడి పేరు నాకు గుర్తుంది. ఇక్కడ రాయను. వాడికి ఇప్పుడు నలభై అయిదు దాటి ఉంటాయి. ఎక్కడున్నాడో తెలియదు. కనిపిస్తే ఏం చెప్పాలో చాలాసార్లు అనుకున్నాను. అనుకున్న ప్రతి మాటా నన్ను నేను సమర్థించుకున్నట్టే వచ్చింది. బహుశా ఏమీ చెప్పకుండా వాడి పక్కన, వాడు చూసే దిక్కుకే తిరిగి నిలబడి, కుడి చెయ్యి ఎత్తి చూపడం ఒక్కటే నేను చేయగలిగింది.

మా వీధిలో ఒక పాప రోజూ గేటు దగ్గర నిలబడి డ్రోన్ చూపించమంటుంది. నిన్న రిమోట్ దాని చేతికి ఇచ్చి, దాని వెనక్కు వెళ్ళి నిలబడ్డాను.