ముప్పై అయిదు ఎలా వచ్చింది?

కాంప్లెక్స్ మీటింగంటే టీచర్లకు పెద్దగా మోజుండదు. సంతకం పెట్టి, సర్క్యులర్లు విని, టీ తాగి వచ్చేయడమే కదా అని స్టాఫ్‌రూముల్లో నవ్వుకుంటుంటారు. ప్రకాశం జిల్లాలో ఒక మండలంలో మాత్రం ఆ మీటింగు కోసం ఎదురుచూసే టీచర్లున్నారని, గణితం చెప్పే ఓ మిత్రుడు అంటే నమ్మబుద్ధి కాలేదు. కాంప్లెక్స్ హెచ్‌ఎం గారి అనుమతి తీసుకుని ఓ మధ్యాహ్నం వెళ్లాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయొద్దని ఆయన పెట్టిన షరతుకు ఒప్పుకున్నాను.

ఒక హైస్కూలు, దాని చుట్టుపక్కల ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలు కలిస్తే ఒక కాంప్లెక్స్. ఈ ఆలోచన 1964-66 నాటి కొఠారీ కమిషన్‌ది. ఒకరో ఇద్దరో టీచర్లతో నడిచే పల్లె బడిలో పాఠం గురించి మాట్లాడుకోవడానికి తోడు దొరకదు. ఏడాది పొడుగునా తన పాఠం తనే చెప్పుకుని తనే వినాలి. ఆ ఒంటరితనం పోవాలనీ, హైస్కూలుకున్న వసతులూ అనుభవమూ చిన్న బడులకు అందాలనీ దాని ఉద్దేశం.

ఏడో తరగతి గదిలో టీచర్లు గోడల వెంట కూర్చున్నారు. మధ్యలో చాపల మీద పక్క ప్రాథమిక పాఠశాల నుంచి వచ్చిన మూడో తరగతి పిల్లలు. "సర్క్యులర్లు గ్రూపులో పెట్టాం, చదివే వచ్చుంటారు" అని ఒక్క మాటతో హెచ్‌ఎం గారు ఆ పని ముగించేశారు. పాఠం చెప్పాల్సింది మెగా డీఎస్సీలో ఎంపికై కొత్తగా చేరిన సెకండరీ గ్రేడ్ టీచర్ (ఎస్‌జీటీ). మైనంపాడులోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్)లో చదువుకున్న అమ్మాయి. పాఠం మొదలయ్యే ముందు ఓ సీనియర్ మేడమ్ లేచి, ఇద్దరేసి టీచర్లకు ఒక్కో పిల్లనో పిల్లాడినో అప్పగించారు. "పాఠం చెప్పే ఆవిడ్ని చూడకండి. మీకిచ్చిన బిడ్డ ఏం చేస్తోందో, ఏం గొణుక్కుంటోందో అది రాయండి" అన్నారు.

చీపురు పుల్లలు కట్టకు పది చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. అయిదు కట్టలు, రెండు విడిపుల్లలు కలిపి 52. అందులోంచి 27 ఇవ్వాలి. విడిగా ఉన్నవి రెండే, ఇవ్వాల్సినవి ఏడు. ఓ పిల్లాడు తటాలున ఒక కట్ట విప్పేశాడు. మిగతావాళ్లూ విప్పారు. అందరికీ 25 మిగిలాయి. తర్వాత పుల్లలు పక్కన పెట్టి అదే లెక్క పలక మీద వెయ్యమన్నారు. ఎక్కువమందికి 25 వచ్చింది. ఇద్దరికి 35. ఒకరికి 30. ఇప్పుడే చేతులతో సరిగ్గా చేసిన లెక్క, అంకెల్లోకి వచ్చేసరికి తప్పింది.

పిల్లలు వెళ్లిపోయాక అసలు పని మొదలైంది.

"35 వేసిన ఇద్దరిదీ ఒకటే పొరపాటు మేడమ్. అప్పు తెచ్చుకోవడం మళ్లీ ఒకసారి చెప్తాను" అంది కొత్త టీచర్. సీనియర్ మేడమ్ ఏమీ అనలేదు. ఆ ఇద్దరు పిల్లల్ని గమనించినవాళ్ల వైపు తిరిగారు.

మొదటి పాపను చూసిన టీచర్ తన కాగితం చదివారు. ఆ పాప "పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి" అనుకుంటూ ఏడులోంచి రెండు తీసి 5 వేసింది. అయిదులోంచి రెండు తీసి 3 వేసింది. రెండో పిల్లాడిని చూసిన సారు తన కాగితం తీశారు. ఆ పిల్లాడు అప్పు తెచ్చుకున్నాడు, పన్నెండులోంచి ఏడు తీసి 5 వేశాడు. కానీ పక్కనున్న అయిదును నాలుగు చెయ్యడం మరిచిపోయి, అయిదులోంచి రెండు తీసి 3 వేశాడు. పలకల మీద ఒకటే జవాబు. దాని వెనక రెండు వేర్వేరు ఆలోచనలు. 30 వేసిన పిల్లది మరో దారి: రెండులోంచి ఏడు పోదు కాబట్టి సున్నా.

పిల్లాడికి విషయం తెలుసు, మధ్యలో ఒక మెట్టు జారాడు. విప్పిన కట్ట ఎటు పోయిందని అడిగితే తనే దిద్దుకుంటాడు. పాప సంగతి వేరు. ఆమెకు 52 ఒక సంఖ్యగా కనబడటం లేదు, పక్కపక్కన నిలబడ్డ రెండు అంకెలుగా కనబడుతోంది. ఆమె పాటించిన సూత్రం మాత్రం బళ్లో నేర్పిందే. ఒకటో తరగతిలో "పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలి" అని చెప్పేది మనమే కదా, అన్నారొకరు. గదిలో చాలామంది తలలూపారు.

సీనియర్ మేడమ్ నల్లబల్ల దగ్గరికి వెళ్లి 27ను చెరిపి 28 రాశారు. "ఈ లెక్క ఇచ్చి ఉంటే?" అందరి పెన్నులూ కదిలాయి. సరైన జవాబు 24. పాప పద్ధతిలో వేస్తే 36. పిల్లాడి పద్ధతిలో వేస్తే 34. ఒక్క అంకె మారిస్తే ఎవరు ఎక్కడ తప్పారో జవాబే చెప్పేస్తుంది. 27తో ఆ రెండు తప్పులూ ఒకచోట కలిసిపోయి టీచర్ కళ్లుగప్పాయి. పరీక్ష పేపరు తయారుచేసేటప్పుడు ఏ అంకెలు వెయ్యాలన్నది కూడా ఈ వృత్తిలో ఒక విద్యేనని ఆ గదిలో కూర్చున్నాక అర్థమైంది.

అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో రాసిన వ్యాసం ఒకటి ఉంది. టీచరుకు సబ్జెక్టు తెలిస్తే చాలదు, బోధనా పద్ధతులు తెలిసినా చాలదు. ఈ పాఠం ఈ వయసు పిల్లలకు ఎక్కడ అడ్డం తిరుగుతుందో, దాన్ని ఏ ఉదాహరణతో విప్పాలో తెలిసి ఉండటం మూడో రకం జ్ఞానమనీ, టీచరును ప్రత్యేకంగా నిలబెట్టేది అదేననీ ఆయన వాదన. తీసివేత వెయ్యడం ఇంజినీరుకూ వచ్చు, కిరాణా కొట్టతనికీ వచ్చు. 35 ఎన్ని దారుల్లో వస్తుందో తెలియాల్సింది మూడో తరగతి టీచరుకే.

టీ విరామంలో మాట ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) మీదికి మళ్లింది. విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చాక టెట్ తప్పనిసరి అయింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, చట్టానికి ముందే చేరినవాళ్లలో అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవాళ్లు కూడా రెండేళ్లలో అది పాసవ్వాలి. "ఇరవై ఏళ్లు పాఠం చెప్పాక ఇప్పుడు బిట్లు బట్టీ పట్టాలా?" అని ఓ సారు చిరాకుపడ్డారు. "పట్టాలి సార్. మన పిల్లల్ని ఎవరు పడితే వాళ్లకు అప్పగిస్తామా?" అంది కొత్త టీచర్. ఇద్దరి మాటలోనూ నిజముంది. 2023 ఆగస్టులో ఇదే కోర్టు, బీఈడీ డిగ్రీ ప్రాథమిక తరగతుల బోధనకు అర్హత కాదని తేల్చింది. చిన్నపిల్లలకు చెప్పడం ప్రత్యేకమైన నైపుణ్యమని అంత గట్టిగా చెప్పిన తీర్పు అది. అయితే 150 బిట్ల పేపరు గుమ్మం దగ్గర నిలబడి లోపలికి ఎవరు రావాలో చెప్పగలదు. లోపలికొచ్చాక ఎదిగారా లేదా అన్నది దానికి అందదు.

సీనియర్ మేడమ్‌కు సర్వీసు అయిదేళ్ల లోపే మిగిలింది కనుక ఆ బెంగ లేదు. ఆవిడ ఉద్యోగంలో చేరిన రోజులు ఏపీపెప్ రోజులు. ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆ ప్రాథమిక విద్యా పథకం కృత్యాలతో, పరిసరాలతో నేర్పమంది, పిల్లలు చేసినవి గోడలకు పెట్టమంది. టీచర్ సెంటర్లు పెట్టి టీచర్లను ఒకచోట కూర్చోబెట్టింది. "ట్రైనింగులో విన్నది సగం మరిచిపోయాను. సెంటర్లో పక్క ఊరి మాస్టారు చేసి చూపించింది ఇప్పటికీ చేస్తున్నా" అన్నారావిడ.

ఈ కాంప్లెక్స్‌లో క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్ (సీఆర్‌ఎంటీ) దగ్గర పొడవాటి నోటుబుక్కు ఒకటి ఉంది. దానికి తప్పుల రిజిస్టర్ అని పేరు. పిల్లాడు ఏం రాశాడు, ఎలా అనుకున్నాడు, టీచర్ ఏం చేసి చూశారు, ఏమైంది అని నాలుగు గళ్లు. తిరగేశాను. నూట ఎనిమిదిని 1008 అని రాసిన పిల్లలు, ఎనిమిది పెద్దది కనుక పావు కంటే ఎనిమిదో వంతే పెద్దదన్నవాళ్లు, చంద్రుడు తరిగి పెరగడం భూమి నీడ వల్లేనన్న తొమ్మిదో తరగతివాళ్లు అందులో ఉన్నారు. నాలుగో గడిలో "ఫలితం లేదు" అన్న మాటా చాలాచోట్ల ఉంది. అక్కడ మరో టీచర్ వేరే ఇంకుతో ఇంకో ఉపాయం రాశారు.

అంతా ఇంత సజావుగా సాగదు. టీ తర్వాత గంట యాప్‌లో ఎక్కించని వివరాలకే పోయింది. ఎవరి మార్కులు మిగిలాయి, ఎవరి ఫొటోలు రాలేదు అన్న లెక్కలతోనే పొద్దుగూకింది. ప్రాథమికోన్నత పాఠశాల సారు పట్టుకొచ్చిన భిన్నాల నోటుబుక్కులు సంచిలోంచి బయటికే రాలేదు.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంటోంది. వీడియోలు నడిపించి సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ చేసుకున్నా ఆ లెక్క నిండుతుంది. టీచర్లకు విద్య కొత్తగా వంటబట్టేది మాత్రం, నేను చూసినంతలో, సాటి టీచర్ల మధ్య, పిల్లల నోటుబుక్కు ముందు. దానికి నిధులు అక్కర్లేదు, సమయం కావాలి. విద్యాశాఖ అధికారులకు ఒక్క విన్నపం: వివరాల సేకరణ ఫోన్లలో కానివ్వండి, ఆ ఒక్క మధ్యాహ్నాన్నీ పాఠానికే వదిలేయండి.