పెట్టెలో లేని సరుకులు

కోయంబత్తూరు తెలుగు ఇండ్లలో మగపిల్లవాడు పలక పట్టుటకు ముందే స్పానరు పట్టునని మాలో మేము వేడుకగా చెప్పుకొందుము. ఇందు కొంత నిజము లేకపోలేదు. కలంగల్ గ్రామమున పుట్టిన జి. డి. నాయుడుగారు ఒక ఆంగ్లేయాధికారి మోటారు సైకిలును కొని, దానిని విప్పి మరల బిగించి యంత్రవిద్య నేర్చిరి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి నుండి పళనికి సర్వీసు నడిపిరి. లక్ష్మీ మిల్లు కుటుంబమునకు చెందిన కరివర్ధన్‌గారు మారుతి ఇంజనులతో పందెపు కార్లను ఈ ఊరనే నిర్మింపజేసిరి. 1995లో విమాన ప్రమాదమున ఆయన పోయిరి. చెట్టిపాళయము కడ నున్న పందెపు బాటకు ఆయన పేరే నిలిచినది. ఇంట తెలుగు, వీధిని తమిళము పలుకు మన కుటుంబములలో ఈ కథలు వినని బాలుడు లేడు.

మా మేనల్లుడును ఇవి వినియే పెరిగినాడు. పంపుసెట్ల కర్మాగారమున అతనికి ఉద్యోగము. అతని తండ్రి, అనగా మా బావగారు, 2003లో కొనిన మారుతి జెన్ కారు వారి ఇంట నున్నది. బావగారు కాలము చేసిన తరువాత మా చెల్లెలు ఆ కారు అద్దములను తానే తుడుచుచు వచ్చినది, పనిమనిషిని తాకనీయదు.

2022లో ఒక సాయంకాలము మేనల్లుడు ఫోను చేత బట్టుకొని వచ్చినాడు. "మామా, దీనికి టర్బో వేస్తే బండి ఎగురుతుంది. ఆన్‌లైన్‌లో మొత్తం కిట్టు 34 వేలే!" అనినాడు.

మేము ఒక నూలు మిల్లున 36 ఏండ్లు స్టోర్సు గుమాస్తాగా పనిచేసితిమి. మూడు కొటేషన్లు తెప్పించి తక్కువదానికి టిక్కు పెట్టుట మా చేతికి అంటిన అలవాటు. గ్యారెట్, ఐ.హెచ్.ఐ. వంటి పేరున్న తయారీదారుల క్రొత్త టర్బో ఒక్కదాని వెలయే ఈ పెట్టె మొత్తపు వెలను మించుచున్నదని చూచితిమి. చూచి, అంత తేడా యేల వచ్చెనని అడుగుటకు మారుగా, "చవకయే" అనుకొంటిమి. సగము సొమ్ము మేమే ఇచ్చితిమి. ఈ సంగతి మా చెల్లెలికి చాలకాలము చెప్పలేదు.

టర్బో అనగా నేమో ఎరుగనివారికి ఒక మాట. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో ఇంజనుకు ఇది అట్టిది. ఇంజనునుండి వృథాగా పోవు వేడి పొగ ఒక చక్రమును త్రిప్పును. అదే ఇరుసుకు రెండవ కొనను గల చక్రము బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజనులోనికి నూదును. గాలి హెచ్చినచో పెట్రోలును హెచ్చుగా కాల్చవచ్చును, బలము పెరుగును. ఆల్ఫ్రెడ్ బూచి యను స్విట్జర్లాండు ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు పొందెను. ఊహ సులభము, పని కఠినము. ఆ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగును. పెట్రోలు ఇంజనున దానిని తాకు పొగ వేడి 900 డిగ్రీల వరకు పోవును. ఇరుసును మోయునది పలుచని ఆయిలు పొర మాత్రమే.

పెట్టె వచ్చిన నాడు మా వసారాలో విప్పితిమి. పాత వాసన పోదు గదా, కాగితము, కలము తెచ్చుకొని సరుకు సరిచూడ కూర్చుంటిమి. టర్బో ఒకటి, ఇనుప మానిఫోల్డు ఒకటి, పలుచని ఇంటర్‌కూలరు, రబ్బరు గొట్టములు, క్లిప్పులు, గాస్కెట్లు. తయారీదారు పేరు గల రేకు ఎచ్చటను లేదు. ఏ కారునకు సరిపోవునో వ్రాసిన చీటీ లేదు. మానిఫోల్డు రంధ్రములు జెన్ ఇంజను రంధ్రములతో కలియలేదు.

గణపతి ప్రాంతమున మాకు తెలిసిన ముదుసలి మెకానిక్కు ఒకరు కలరు. పూర్వము షోళవరము పందెములకు బండ్లు సిద్ధపరచిన చేయి. ఆయన టర్బో ఇరుసును రెండు వ్రేళ్లతో పట్టి కదిపి, "ఇప్పుడే ఊగుతోంది సార్" అనిరి. పిదప మమ్ము చూచి, "పెట్టెలో ఉన్నది రాసుకున్నారు సరే, లేనిది రాసుకోండి" అనిరి.

ఆ రెండవ పట్టీ మొదటిదానికంటె పొడవైనది. వాయుమండలపు ఒత్తిడికి పైన సగము హెచ్చుగా ఊదినచో ఇంచుమించు ఒకటిన్నర రెట్లు గాలి లోనికి పోవును. తూకమున 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు సరిపోవుట మామూలు లెక్క; టర్బో ఊదునప్పుడు చల్లదనము కొరకు, భద్రత కొరకు 12 పాళ్లకే ఒక పాలు ఈయవలెను. జెన్ ఇంజెక్టర్లు అంత పెట్రోలు పోయజాలవు. కారు కంప్యూటరుకు ఆ లెక్కలు నేర్పబడలేదు. కావున పెద్ద ఇంజెక్టర్లు, క్రొత్త కంప్యూటరు, దానికి లెక్కలు వ్రాయు మనిషి, కొలుచు మీటరు కావలెను. సహజముగా గాలి పీల్చుటకే చేసిన ఇంజను గాలిని ముందే గట్టిగా అదుమును; పైన ఇంకను అదిమినచో పెట్రోలు నిప్పురవ్వ పుట్టించిన మంట తన్ను చేరువరకు ఆగక తానే ప్రేలును. దానికి మందపు గాస్కెట్టో, వేరు పిస్టన్లో కావలెను. క్లచ్చి, బ్రేకులు సరే సరి. ఆయన చేయ నిరాకరించిరి.

"జి. డి. నాయుడుగారు విప్పలేదా మామా?" అని మేనల్లుడు ఇంటికి వచ్చి అడిగినాడు. విప్పిరి, కాని విప్పిన ప్రతి ముక్కయు ఏమి చేయునో తెలిసికొనియే బిగించిరి. ఆ మాట మాకు ఆ క్షణమున తోచలేదు. తోచినను, సగము సొమ్ము ఇచ్చిన నోరు గదా.

అతడును అతని మిత్రుడును మూడు ఆదివారములు కష్టపడి బిగించిరి. పదునొకండు దినములు కారు నిజముగనే ఎగిరినది. పాలక్కాడు రోడ్డున మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టి నడిపినప్పుడు మాకును సంతోషము కలిగినది, దాచుట యేల? ఎత్తు ఎక్కునప్పుడు ఇంజనున గవ్వలు గిలకరించినట్టి చప్పుడొకటి వినవచ్చెను. క్రొత్త యంత్రపు చప్పుడనుకొంటిమి.

పండ్రెండవ దినమున తల్లిని నిశ్చయ తాంబూలములకు పొల్లాచికి తీసికొనిపోవుచుండగా కిణత్తుకడవు దాటిన పిమ్మట వెనుకనుండి నీలిపొగ క్రమ్మినది. టర్బోనుండి ఆయిలు క్రిందికి దిగు గొట్టము సన్నము, అదియును వంగియుండెను. దిగలేని ఆయిలు సీలు దాటి కాలుచున్న ఇనుముపై పడుచున్నది. మా చెల్లెలు కొంగు ముక్కున నదుముకొని దిగి, రోడ్డు ప్రక్కన నిలిచి మాకు ఫోను చేసినది. "అన్నా, ఆయన బండిలో పొగ ఎప్పుడూ రాలేదే" అనినది. మంట అంటుకొనలేదు. అంతమాత్రమే మా పుణ్యము.

ఇంజను విప్పగా రెండవ పిస్టనున రింగులు కూర్చుండు అంచు విరిగియుండెను. ఆ గవ్వల చప్పుడు ఇదియే. కిట్టునకు 34,000; అమరికకు, లేతు పనికి 21,000; ఇంజను మరల కట్టుటకు 46,000. మొత్తము 1,01,000 రూపాయలు మా కాగితముపై తేలినది. యంత్రము తానే చెడిన ఖర్చును బీమా భరింపదు. మంటయే పుట్టియున్నచో, చెప్పక చేసిన మార్పును చూపి క్లెయిమును త్రోసిపుచ్చుటకు వారికి అవకాశము కలిగియుండెడిది.

చట్టమును మేము ఆ పిమ్మటనే చదివితిమి. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమున నుండి తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పినది. ఆ యేటి సవరణ వలన అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని కలుగవచ్చును.

టర్బో చెడ్డదని మా యభిప్రాయము కాదు. దానికొరకే కట్టిన ఇంజనుతో కర్మాగారమునుండి వచ్చు కార్లు మన వీధులలో హాయిగా తిరుగుచున్నవి. విప్పుట నేర్వదలచినవాడు పారవేయుటకు సిద్ధమైన పాత ఇంజనును షెడ్డులో పెట్టుకొని, ఇట్టి చవక కిట్టుతో ప్రయోగము చేసిన తప్పు పట్టము. తల్లిని కూర్చుండబెట్టుకొని రోడ్డున పోవు కారునకు మాత్రము ఇది తగదు. ఉచితముగా ఇచ్చినను తగదు.

2023లో రిజిస్ట్రేషను పొడిగించు తనిఖీకి జెన్ తన పాత రూపముననే పోయి, ఐదేండ్లకు పత్రము తెచ్చుకొన్నది. సగము సొమ్ము మాదేయని చెల్లెలితో ఆ దినముననే చెప్పితిమి. "నాకు అప్పుడే తెలుసన్నా" అని కాఫీ తెచ్చుటకు లోనికి పోయినది.

పెట్టె మా అటకపై నుండెను. ఆ మధ్య ఒక కుర్రవాడు విని వచ్చి, పదివేలకు ఇత్తురా అని అడిగినాడు. ముందు దీనిని చదువుమని రెండవ పట్టీ చేతికిచ్చితిమి. నిలుచుండియే చదివినాడు, మడిచి జేబున పెట్టుకొని, ఆదివారము వచ్చెదనని పోయినాడు. ఎన్ని ఆదివారములో గడచినవి. పెట్టె మాకడనే యున్నది గాని, ఆ పట్టీ మాత్రము అతడు మరల ఇయ్యలేదు.