ఉంటా మరి

డల్లాస్‌లో కొడుకు ఫోన్ చేస్తే, తెనాలిలో తండ్రి "బాగున్నారా? పిల్లలు? సరే, ఉంటా మరి" అని పెట్టేస్తాడు. నిమిషం పట్టదు. నాన్నకి నా మీద కోపం ఇంకా తీరలేదని కొడుకు అనుకుంటాడు. కోపమూ లేదు, పాడూ లేదు. ఆయన ఫోన్‌లో మాట్లాడటం నేర్చుకున్నది ఎస్టీడీ బూత్‌లో.

ఆ అద్దాల గదిలో నిలబడ్డవాళ్లకి చెప్పక్కర్లేదు. కళ్లెదుట మీటరు మీద ఎర్రంకెలు పరిగెడుతుంటాయి, బయట నలుగురు వాచీలు చూసుకుంటుంటారు. రాత్రి పదకొండు దాటితే పావు రేటని నిద్రాపుకుని వెళ్లేవాళ్లు. అడగాల్సినవి ముందే చీటీ మీద రాసుకునేవాళ్లు. రెండు ముక్కల్లో తేల్చేసి ఫోన్ చేసినవాడి డబ్బులు మిగల్చడమే అప్పట్లో ప్రేమ. ఇప్పుడు వాట్సాప్ కాల్‌కి బిల్లు రాదు. అయినా ఆయన బుర్రలో ఆ మీటరు ఆగలేదు.

అంతకుముందు తంతి ఉండేది. తపాలా బంట్రోతు గడప తొక్కాడంటే కాగితం విప్పకముందే ఏడుపులు. టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది కానీ ఆ గుండెదడ పోలేదు. వేళకాని వేళ ఫోన్ మోగితే "ఏమైంది?" అనే ఎత్తుతారు. మా అమ్మకి ఎప్పుడూ చెడే తోస్తుందని కూతురు విసుక్కుంటుంది.

మనవరాలిది ఇంకో మర్యాద. "తాతయ్యా, ఖాళీయేనా? కాల్ చెయ్యనా?" అని ముందు మెసేజ్ పెడుతుంది. ఇబ్బంది పెట్టకూడదని దాని ఉద్దేశం. తాతకి ఫోన్ చెయ్యడానికి పర్మిషనా, అంత పరాయివాళ్లమైపోయామా అని ఈయన బాధ. పండక్కి ఈయన నాలుగు పేరాల ఆశీర్వచనం టైపు చేసి పంపిస్తే, అది బొటనవేలు చూపించి ఊరుకుంటుంది!

మా రోజుల్లో ఉత్తరాలు రాసుకునేవాళ్లం అని పెద్దలు మురిసిపోతారు గానీ, పోస్టుమాన్ చదివేసే కార్డుముక్క మీద ఎవరు మనసు విప్పారు? అదీ "ఇక్కడ మేమంతా క్షేమం" దగ్గరే ఆగేది. అయినా ఈ విషయంలో నేను పెద్దవాళ్ల పక్షమే. కార్డు, తంతి, బూత్, సెల్‌ఫోన్, ఒక్క జన్మలో ఇన్నిసార్లు మాట్లాడే పద్ధతి మార్చుకున్నవాళ్లు వాళ్లే. కుర్రాళ్లు ఇంకా మొదటిదాన్లోనే ఉన్నారు.

తెల్లారేసరికి పెద్దవాళ్లు పంపే గులాబీపువ్వు గుడ్‌మార్నింగ్‌ల మీద ఎన్ని జోకులో. నాకు తెలిసిన ఒకమ్మాయి మాత్రం వాటిని మ్యూట్ చెయ్యదు. ఊళ్లో ఒంటరిగా ఉన్న మేనత్త లేచిందనీ, కళ్లజోడు పెట్టుకుందనీ దానికి అదే లెక్క. ఎనిమిదింటికీ పువ్వు రాకపోతే, మెసేజ్ పెట్టి అడక్కుండా తిన్నగా ఫోనే చేస్తుంది.