వాకిట పరచిన రాళ్లు



మహేశ్వరంలో మా మందిరము ముందటి వాకిలి వానాకాలమంతా బురదగా ఉండేది. తల్లులు వంటకు కొలిచిన బియ్యములోనుండి పిడికెడు తీసి కూడబెట్టిన సొమ్ముతో, కొన్నేళ్ల క్రిందట అక్కడ సిమెంటు పేవరు రాళ్లు పరపించాము.

క్రిస్మస్‌కు పది రోజులే ఉన్నవి. పల్లముగా ఉన్న మూలను మట్టితో నింపించాము. మేస్త్రి, "అయ్యగారూ, పోసిన మట్టి ఇంకా కూసోలే. నీళ్లు వట్టి దిమ్మిస కొట్టాలె. జర ఆగుండ్రి" అన్నాడు. మేము ఆగలేదు. ఆ మట్టిమీదనే ఇసుక పోయించి రాళ్లు పేర్పించాము. పండుగనాడు అందరూ మెచ్చుకున్నారు. మేమూ పొంగిపోయాము.

జూనులో మొదటి పెద్ద వానకు ఆ మూల క్రుంగింది. అంచుకు కట్టు లేదు గనుక చివరి వరుస రాళ్లు జరిగి, సందులలోని ఇసుక కొట్టుకుపోయింది. ప్రతి నెలా తప్పక బియ్యము తెచ్చే ఒక వృద్ధురాలు లేచిన రాయి తగిలి పడి, మణికట్టు విరుగగొట్టుకున్నది. చూడబోతే, "రాళ్లు మంచిగనే ఉన్నయి అయ్యగారూ, నేనే చూసుకోలే" అన్నది. ఆ మాట మమ్మును గద్దించినంత పని చేసింది.

ఆ మేస్త్రినే మళ్లీ పిలిచి, తప్పు మాదేనని ఒప్పుకున్నాము. అతడు చేసిన పని మీ ఇండ్లకూ పనికివచ్చునని వ్రాస్తున్నాము.

మొదట వదులు మట్టినంతా తీయించాడు. మొరము, కంకర నాలుగేసి అంగుళముల చొప్పున పోసి, తడిపి, పొర పొరకు దిమ్మిస కొట్టించాడు. దానిపై ఇసుక ఒక్క అంగుళమే, అంతటా సమముగా. పల్లమును ఇసుకతో సరిచేయుట పెద్ద పొరపాటు; ఎక్కడ ఇసుక మందముగా ఉంటే అక్కడ రాయి దిగుతుంది. వాలు గోడవైపు కాక బయటికి, పది అడుగులకు రెండు అంగుళములు ఉండాలి. నాలుగు అంచులకు కాంక్రీటు కట్టు వేయాలి. సందులలో సిమెంటు పాలు పోయరాదు, అవి తరువాత పగులుతవి. ఎండిన సన్న ఇసుకను చీపురుతో ఊడ్చి నింపి, మళ్లీ దిమ్మిస కొట్టాలి. మనుషులు నడిచే చోట 60 మిల్లీమీటర్ల రాయి చాలు. ట్రాక్టరు వచ్చే చోట 80 కావాలి. తాండూరు బండలు పరచువారికీ ఇదే మాట: బండ క్రింద డొల్ల ఉంటే బరువు పడినప్పుడు పగులుతుంది.

ఇసుకమీద ఇల్లు కట్టినవాని గూర్చి ఎన్నోసార్లు ప్రసంగించాము. పేవరు రాళ్లకు ఇసుక ఉండవలసినదే. ఆ ఇసుక క్రింద ఏమున్నదో చూడకపోవుటే మా బుద్ధిహీనత. కనబడే రాళ్లకు రెండు రోజులు పట్టింది. కనబడని అడుగుకు ఆరు రోజులు. ఆ ఆరు రోజులను మొదటిసారి పండుగకోసము మిగుల్చుకున్నాము. వాటి వెల ఆ తల్లి చెల్లించింది.

అటు తరువాత రెండు వానాకాలములు గడిచినవి. వాకిలి కదలలేదు. ఆమె మాత్రము ఇప్పటికీ ఆ మూలకు రాగానే చేతికర్రతో రాయిని ఒకసారి తట్టి చూచి, అప్పుడు అడుగు వేస్తుంది. అది చూచినప్పుడెల్లా మేము తల వంచుకుంటాము.