సురంగల్‌లో విన్న ఉయ్యాల పాట

హైదరాబాద్ నుంచి చేవెళ్ల బస్సు ఎప్పుడైనా ఎక్కారా? పాత మర్రిచెట్లకు పేరుపడ్డ దారి అది. ఆ దారిలో వచ్చే మొయినాబాద్ మండలంలోనే ఉంది సురంగల్. అందరూ ఊళ్లు చూడ్డానికి వెళతారు. నేను మాత్రం వినడానికి వెళ్లాను, పెత్రమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మ పాటల కోసం!

తంగేడు, గునుగు, బంతిపూలతో బతుకమ్మలు ముచ్చటగా ఉన్నాయి. ఆడపడుచులు చుట్టూ తిరుగుతున్నారు. కానీ పాడుతున్నది మాత్రం సౌండు బాక్సులు! ఇది ఆ ఒక్క ఊరి ముచ్చట కాదు లెండి, మన వీధుల్లోనూ అంతే కదా!

పక్కన అరుగు మీద కూర్చున్న ఓ పెద్దమ్మను కదిపాను. “ఇంట్ల నోరిప్పితె కొట్లాట. గదే మాట పాటల వెట్టి పాడితె అందరు ఇందురు బిడ్డా. మా అత్త సుత వంత పాడేది!” అని నవ్వింది. నిజమే! పుట్టింటి మీద బెంగ, అత్తింటి ఆరళ్లు... అన్నీ ‘ఉయ్యాలో’ అంటూ చెప్పేసుకున్నారు మన అమ్మమ్మలు.

ఆ మాట వినగానే నాకు ఎక్కడో ఆఫ్రికాలో ఉన్న అల్జీరియా గుర్తొచ్చింది. అక్కడి ఓరాన్ రేవు ప్రాంతపు జనం పాటను ‘రాయ్’ అంటారు. అరబ్బీలో ఆ మాటకు అభిప్రాయమని అర్థం. మన ఉర్దూవాళ్లు “ఆప్ కీ రాయ్ క్యా హై?” అని అడిగేది ఆ మాటతోనే! చిన్నప్పుడే అనాథ అయిన షేఖా రిమిత్తి (1923-2006) ఆడదాని కష్టాన్నీ, కోరికనూ దాచకుండా పాడితే పెద్దమనుషులు మండిపడ్డారు. అదే రాయ్‌ని 2022లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

మన దగ్గరా నోరు విప్పి పాడిన ఆడదానికి కష్టాలు తప్పలేదు. స్పిన్నింగ్ మిల్లులో పనిచేస్తూ తెలంగాణ పాటలు పాడిన భువనగిరి బెల్లి లలితను 1999లో దారుణంగా చంపేశారు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. సంతోషమే! కానీ పండుగ ఉండి, పాడే నోరు మూగబోతే ఏం లాభం చెప్పండి?

అందుకే ఈసారి బతుకమ్మ పేర్చేటప్పుడు ఓ పావుగంట ఆ డబ్బా కట్టేయించండి. అమ్మనో, అత్తగారినో ఒక్క పాట పాడమని అడగండి. మీ వంటల నోటుబుక్కులో వెనక పేజీలు ఖాళీగానే ఉంటాయి కదూ? అందులో రాసుకోండి. ఆవకాయ కొలతల కంటే అదేం తక్కువది కాదు.

ఎవరు చూశారు? మీ అత్తగారు కోడలిగా ఉన్నప్పుడు ఎవరికీ చెప్పుకోని మాట ఏదో ఆ పాటలో మీకు వినబడుతుందేమో!