భయమును జాగ్రత్తయును

మన యిండ్లలో భయమునకును జాగ్రత్తకును భేదము లేనట్లే మనము నడచుకొనుచుందుము. ఆడుపిల్లల విషయమున నిది మఱియు నెక్కువ. జాగ్రత్త యని పేరుపెట్టి వారికి భయమునే నేర్పుదుము. ఈ రెండును వేఱని నాకు స్పష్టముగా దోచినది యొక యెడారి కొండమీద. కావున నా కొండను గూర్చియే నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఉద్యోగము నిమిత్తము నేను అమెరికాలో ఆరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్సు నగరమున నివసించుచున్నాను. అది సొనోరా యెడారిలోని పట్టణము. ఊరి నడుమనే కొండలు లేచియున్నవి. వానిలో నొకటి పైయెస్తెవా శిఖరము. దాని యెత్తు 2,610 అడుగులు. శిఖరమునకు దారి మైలుంబాతిక యైనను లేదు గాని, అంతలోనే సుమారు 1,200 అడుగులు పైకెక్కవలెను.

దీపావళి వెళ్లిన వారమున నేనొక్కతెనే ఆ కొండ యెక్కదలచితినని టెలిఫోనులో విని, రాజమండ్రిలోని మా పిన్ని, "తెల్లవారకుండా, ఒక్కదానివే, కొండ లెక్కడ మేమిటే?" అని కోపపడినది. "కార్తీకమాసంలో నువ్వు నాలుగింటికే గోదావరికి వెళ్లవూ, పిన్నీ?" అంటిని. "అది పుణ్యానికి వెళ్లడం!" అని ఆమె సమాధానము. అనగా పుణ్యముకొఱకు స్త్రీ చీకటిలో నడువవచ్చును. తన కాళ్ల బలముకొఱకు, తన మనశ్శాంతికొఱకు మాత్రము నడువరాదు. పిన్ని ప్రేమయందు నాకు సందేహము లేదు. ఆ ప్రేమ ధరించిన వేషమునందే సందేహము.

అయిదు గంటలకు ద్వారము తెఱచిరి. తలకు దీపము కట్టుకొని, వీపున నీళ్లు మోసికొని, బయలుదేరితిని. రాతి మెట్లు, వాని పిదప రాళ్లే. కొంతదూర మెక్కునప్పటికి చేతు లెత్తి నిలుచున్న మనుష్యునివంటి యాకార మొకటి దారి ప్రక్కన గనబడి గుండె ఝల్లుమనెను. దీప మటు త్రిప్పితిని. అది సగువారో యను పెద్ద జెముడు చెట్టు. ఆ చెట్టునకు మొదటి కొమ్మ వచ్చుటకు సాధారణముగా ఏబది మొదలు డెబ్బదియైదేండ్లు పట్టును. చిన్ననాడు మఱియొక చెట్టు నీడనుండి యది పెరుగును. పెరిగిన పిదప నా నీడ దానికి జాలదు. ఆడుపిల్లలను గన్నవా రీ చెట్టును జూడవలెనని నాకు దోచినది.

ఆ యెడారిలో నిజమైన యపాయము వేఱొకటి కలదు. అది యెండ. 2023వ సంవత్సరపు వేసవిలో ఫీనిక్సున వరుసగా 31 దినములు 110 డిగ్రీలు, అంతకు మించియు, వేడి కాసినది. ఆ నగరమున్న మారికోపా జిల్లాలో ఆ యేట వేడిమివలన 645 మంది మరణించిరి. అందుచేత తీవ్రమైన యెండల హెచ్చరిక యున్న దినములలో నగరమువా రీ దారిని పగటివేళ మూసివేయుదురు. ఇది జాగ్రత్త. దీనికి కారణ మున్నది, వేళ యున్నది, కొలత యున్నది. పురుషునకును స్త్రీకిని సమానముగా వర్తించుచున్నది. భయమునకో, యివి యేవియు లేవు. "ఎందుకు?" అని యడిగిన దానికి కోపము వచ్చును.

శిఖరము పేరును గూర్చి యొక మాట. పూర్వ మా కొండకు మూలవాసి స్త్రీలను హీనపఱచు పదము పేరుగా నుండెను. ఆ పదము నిచట వ్రాయను. లోరీ పైయెస్తెవా యను హోపీ జాతి యువతి, ఇద్దరు బిడ్డల తల్లి, అమెరికా సైన్యమున జేరి 2003 మార్చి 23వ తేదీన ఇరాకు యుద్ధమున మరణించెను. ఆ సైన్యమున పోరులో మరణించిన మొదటి మూలవాసి స్త్రీ యామెయే. ఆ యేడే రాష్ట్రమువారు కొండ కామె పేరు పెట్టిరి. కేంద్ర ప్రభుత్వము 2008లో నంగీకరించెను. 2022లో నా హీనపదమును దేశమందలి సుమారు 650 స్థలముల పేర్లనుండి తొలగించిరి. "పేరులో నేమున్న" దని తేలికగా ననువారు, ఆ పేరుతో బిలువబడినవారి నడిగి చూతురుగాక.

నేను శిఖరము చేరునప్పటికి తూర్పు తెల్లబడుచుండెను. క్రింద నూరి దీపము లొక్కటొక్కటిగా వెలవెలబోవుచుండెను. ఆ తూర్పున దూరముగా నొక పర్వతపంక్తి కలదు. దాని యాంగ్లనామమునకు మూఢవిశ్వాసమని యర్థము. దాని వెనుకనుండియే సూర్యుడు లేచెను. మా పిన్నికి ఫోటో పంపితిని. "మోకాళ్లు జాగ్రత్త, దిగేటప్పుడు" అని వ్రాసినది. మొదటిమాఱు ఆమె నిజముగా జాగ్రత్త చెప్పినది.

తల్లులారా, మీ కొమార్తె బయలుదేరునప్పుడు నీళ్లున్నవా, దీపమున్నదా, ఏ దారిని బోవుచున్నావు, ఎప్పుడు మరలివత్తువు అని తప్పక యడుగుడు. మీ కుమారునిగూడ నవియే యడుగుడు. కుమారు నడుగని ప్రశ్న యేదైన మీ నోట వచ్చెనా, అది జాగ్రత్త కాదని యెఱుంగుడు.