అట్టిపెట్టుకున్నవాళ్లు, వదిలేసినవాళ్లు

27 మే 2024, సోమవారం

ఫైనల్లో సన్‌రైజర్స్ 113 ఆలౌట్. ఐపీఎల్ ఫైనళ్లలో ఇంత తక్కువ స్కోరు ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదు. మార్చిలో ముంబయి మీద 277, ఏప్రిల్లో బెంగళూరు మీద 287 కొట్టింది ఈ జట్టేనా అనిపించింది. నిన్న చెపాక్‌లో స్టార్క్ మొదటి ఓవర్లోనే అభిషేక్ శర్మ స్టంపు లేపేశాడు. హెడ్ ఆడిన మొదటి బంతికే అవుట్. జట్టు మొత్తంలో ఎక్కువ పరుగులు కెప్టెన్ కమిన్స్‌వి, 24. అతగాడు బౌలరు! కోల్‌కతా పదకొండో ఓవర్లో పని ముగించేసింది.

గాజువాక కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 13 కొట్టాడు. సీజన్ మొత్తం మీద 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి బహుమతి పట్టుకెళ్లాడు గనక ఊళ్లో అతణ్ణి ఎవరూ ఏమీ అనటం లేదు. బావ స్టీల్‌ప్లాంట్‌లో బి షిఫ్టుకి బయల్దేరుతూ ఫోను చేశాడు. "ఏటి బావా ఇది? పిల్లలు పకోడీలు ఏయించుకుని కూకున్నారు, అవి సల్లారకముందే ఆట అయిపోనాది."

29 మే, బుధవారం

ఓటమి మనకి కొత్త కాదు. 2019 మే 8న ఢిల్లీతో ఎలిమినేటర్ మన విశాఖ మధురవాడ స్టేడియంలోనే జరిగింది. పంత్ 21 బంతుల్లో 49 కొట్టి సన్‌రైజర్స్‌ని ఇంటికి పంపాడు. బావా నేనూ అక్కడే ఉన్నాం. ఆ రాత్రి ఎవరికీ పెద్ద బాధ లేదు, వచ్చే ఏడు చూసుకుందాం అనుకున్నారు.

ఈసారి అలా అనుకోవటానికి లేదు. ఈ ఏడాది చివర్లో మెగా వేలం. గెలిచిన జట్టైనా ఓడిన జట్టైనా మొత్తం విప్పేసి మళ్లీ కట్టుకోవాల్సిందే. కోల్‌కతా మీద పగ తీర్చుకోవాలన్నా ఈ పదకొండుమందీ మళ్లీ ఒక్కచోట ఉండరు.

జూన్ 2, ఆదివారం

టీ కొట్టు దగ్గర ప్రతివాడూ సెలెక్టరే. ఒకాయన మార్‌క్రమ్‌ని తీసేశాడు, ఇంకొకాయన త్రిపాఠిని. భువనేశ్వర్ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పెద్దాయన కదా అని గౌరవం.

ఓడాక ఒకణ్ణి బలివ్వాలన్న ఈ సరదా మన ప్రాంతానికి పాతదే. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు, అందరూ విజ్జీ అనేవాళ్లు. మొదటి టెస్టు ఇంకా మొదలు కాకుండానే లాలా అమర్‌నాథ్‌ని ఓడెక్కించి ఇంటికి పంపేశాడు. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్నవాళ్లలో అమర్‌నాథ్ ఒకడు. నేరం ఆటలో లేదు, కెప్టెన్‌తో పడకపోవటంలో ఉంది. ఇక్కణ్ణించి అరవై కిలోమీటర్లలో ఆయన కోట.

28 సెప్టెంబరు, శనివారం

రూలు వచ్చింది. ఒక్కో జట్టుకి 120 కోట్లు. పాతవాళ్లలో ఆరుగురిదాకా ఉంచుకోవచ్చు. అందులో దేశానికి ఆడినవాళ్లు ఐదుగురికి మించకూడదు. మొదటివాడికి 18 కోట్లు, తర్వాత 14, 11, మళ్లీ 18, 14. ఐదుగురినీ పెట్టుకుంటే 75 కోట్లు పర్సులోంచి పోతాయి. దేశానికి ఆడనివాడైతే 4 కోట్లే. మూడో వాడి కంటే నాలుగో వాడు ఎందుకు ఖరీదో తెలుసుకోవటానికి కాసేపు పట్టింది. ఎక్కువమందిని ఉంచుకోవాలన్న ఆశకి అది పన్ను.

నితీశ్ ఇంకా ఇండియాకి ఆడలేదు. అంటే 4 కోట్ల సరుకు. 2023లో అతణ్ణి 20 లక్షలకి కొన్నారు.

10 అక్టోబరు, గురువారం

ఆ లెక్క తప్పింది. ఆరో తారీఖున గ్వాలియర్‌లో బంగ్లాదేశ్ మీద నితీశ్ ఇండియా టోపీ పెట్టుకున్నాడు. నిన్న ఢిల్లీలో 34 బంతుల్లో 74, పైగా రెండు వికెట్లు. ఊరంతా పండగ. హైదరాబాద్‌లో మాత్రం ఎవరో లెక్కల పుస్తకం తిరగేసి ఉంటారు. కుర్రాడు దేశానికి ఆడినందుకు జట్టు యజమానులకి ఖర్చు పెరిగింది.

వాళ్ల నాన్న ముత్యాలరెడ్డి కథ ఇక్కడ అందరికీ తెలిసిందే. హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం. ఉదయ్‌పూర్ బదిలీ చేస్తే, కొడుకు ఆట పాడవుతుందని పాతికేళ్ల సర్వీసు ఇంకా మిగిలుండగానే మానేశాడు. ఈ ఊళ్లో పర్మినెంటు ఉద్యోగం వదులుకోవటమంటే ఏమిటో పోర్టులోనో ప్లాంట్‌లోనో జీతం తిన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. చుట్టాలు ఏమన్నారో ఊహించుకోగలను. ఇప్పుడు ఆ చుట్టాలే టీవీల ముందు ఉన్నారు.

31 అక్టోబరు, దీపావళి

మతాబుల మధ్య జాబితా వచ్చింది. క్లాసెన్ 23 కోట్లు, కమిన్స్ 18, అభిషేక్ 14, హెడ్ 14, నితీశ్ 6. మొత్తం 75. క్లాసెన్‌కి 23 ఇచ్చారంటే ఆ అదనం ఎవరో ఒకరి వాటాలోంచి రావాలి. వచ్చింది మనవాడి దగ్గర్నుంచే. అయినా 20 లక్షలనుంచి 6 కోట్లు. గాజువాకలో ఎవరూ బేరం ఆడలేదు, చిచ్చుబుడ్లు ఎక్కువ కాల్చారు అంతే.

జాబితా రెండోసారి చదివితే సంగతి బోధపడింది. ఫైనల్లో మునిగింది బ్యాటింగు. ఐదుగురిలో నలుగురు ఆ బ్యాటింగు వాళ్లే. చెపాక్‌లో మొదటి ఓవర్లో పోయినవాడికి, మొదటి బంతికి పోయినవాడికి, తలో 14 కోట్లు. అంటే ఆ ఒక్క రాత్రిని లెక్కలోకి తీసుకోలేదు. ఇది నాకు నచ్చింది. పధ్నాలుగు పదిహేను మ్యాచ్‌లు ఒక పద్ధతిలో ఆడించి, ఆఖరి మ్యాచ్‌లో అదే పద్ధతి బెడిసిందని వాళ్లని తరిమేస్తే, అసలు ఆ పద్ధతిని నమ్మనట్టే.

1 నవంబరు, శుక్రవారం

నచ్చనిది ఇవాళ తెలిసింది. దేశానికి ఆడినవాళ్లని ఐదుగురినీ అట్టిపెట్టుకున్నాక మిగిలేది ఒకే ఒక్క ఆర్‌టీఎం కార్డు, అదీ దేశానికి ఆడనివాళ్ల కోసమే. అంటే భువనేశ్వర్‌ని వేలంలో వెనక్కి లాక్కునే దారి కూడా మూసేసుకున్నారు. 2014నుంచి ఇక్కడే ఉన్నాడు. 2016, 2017 రెండేళ్లూ ఎక్కువ వికెట్లకిచ్చే పర్పుల్ క్యాప్ అతనిదే, 2016 కప్పులో అతని చెయ్యి పెద్దది. మొన్న మే 2న రాజస్థాన్ మీద ఆఖరి బంతికి వికెట్ తీసి ఒక్క పరుగుతో గెలిపించింది కూడా అతనే. ఆ రోజు నితీశ్ కొట్టిన 76 వృథా కాకుండా నిలబెట్టింది ఆ బంతి. నటరాజన్‌కి ఈ సీజన్లో 19 వికెట్లు, అతనూ పోయాడు. బ్యాటర్ల తప్పు కాసినవాళ్లు బౌలర్లు, మూట సర్దుకున్నదీ వాళ్లే.

దీనికంటే విడ్డూరం కోల్‌కతాది. కప్పు గెలిపించిన కెప్టెన్ శ్రేయస్ అయ్యర్ వాళ్ల జాబితాలో లేడు. ఓడిన జట్టు కెప్టెన్‌ని ఉంచుకుంది, గెలిచిన జట్టు వదులుకుంది. ఫైనల్లో మనల్ని కూల్చిన స్టార్క్‌ని కూడా వదిలేశారు.

22 నవంబరు, శుక్రవారం

పెర్త్‌లో నితీశ్ మొదటి టెస్టు. ఇండియా 150 ఆలౌట్, అందులో 41 ఇతనివి, అందరికంటే ఎక్కువ. పొద్దున్న ఏడున్నరకి లేచి చూసినందుకు దక్కింది.

25 నవంబరు, సోమవారం

జెడ్డాలో రెండురోజుల వేలం అయిపోయింది. 45 కోట్లతో వెళ్లినవాళ్లు ఇషాన్ కిషన్‌కి 11.25 కోట్లు, షమీకి 10, హర్షల్ పటేల్‌కి 8 పెట్టేశారు. ముగ్గురికే 29 కోట్లు దాటింది. తర్వాత రాహుల్ చాహర్, జంపా, ఉనద్కత్. అక్కణ్ణించి చిల్లర లెక్క: లెగ్‌స్పిన్నర్ జీషాన్ అన్సారీ 40 లక్షలు, అనికేత్ వర్మ అనే కుర్రాడు 30 లక్షలు. ఈ పేర్లు ఇవాళే విన్నాను.

భువనేశ్వర్ బెంగళూరుకి 10.75 కోట్లు, నటరాజన్ ఢిల్లీకి అంతే. షమీ మంచి బౌలరే, కాదనను. కానీ మడమ ఆపరేషన్ అయి ఏడాదిపాటు ఆటకి దూరంగా ఉండి మొన్ననే బంతి పట్టిన మనిషికి 10 కోట్లు పెట్టేవాళ్లు, పక్కనే పదకొండేళ్లుగా ఉన్నవాణ్ణి అంతే ధరకి పోనివ్వటం నాకు కొరుకుడు పడలేదు. స్టార్క్ ఢిల్లీకి 11.75 కోట్లు. నిరుడు అతనే 24.75 కోట్లు పలికాడు. కప్పు తెచ్చినవాడి ధర సగానికి పడిపోయింది. గెలుపుకి ధర కడతారనుకోవటం మన భ్రమ. కొనేది వచ్చే మూడేళ్లని.

హైదరాబాద్ సిరాజ్‌ని గుజరాత్ 12.25 కోట్లకి పట్టుకెళ్లింది. పేరులో హైదరాబాద్ ఉన్న జట్టుకి హైదరాబాద్‌వాడు అందలేదు. మనవైపు కుర్రాళ్లు: విశాఖ పైల అవినాశ్ పంజాబ్‌కి, శ్రీకాకుళం త్రిపురాన విజయ్ ఢిల్లీకి, గుంటూరు షేక్ రషీద్ చెన్నైకి, తలో 30 లక్షలు. విశాఖ వికెట్‌కీపర్ కె.ఎస్. భరత్‌ని ఎవరూ కొనలేదు. ఈ ఏడాది అతను కోల్‌కతా జట్టులోనే ఉన్నాడు, ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా కప్పు గెలిచిన జట్టు ఫొటోలో నిలబడ్డాడు. ఇండియాకి టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్లో కీపింగ్ చేసిన మనిషి. అతని గురించి టీ కొట్టు దగ్గర ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

28 డిసెంబరు, శనివారం

మెల్‌బోర్న్. నితీశ్ 99 మీద ఉన్నాడు. బుమ్రాని కమిన్స్ అవుట్ చేశాడు. ఆఖరివాడు సిరాజ్ వచ్చాడు, ఆ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. బౌలరు కమిన్స్, అంటే ఐపీఎల్‌లో నితీశ్ కెప్టెన్. కాపాడాల్సినవాడు సన్‌రైజర్స్ కొనుక్కోని హైదరాబాదీ. సిరాజ్ మూడు బంతులూ అడ్డుకున్నాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలండ్‌ని మిడాన్ మీదుగా ఫోర్ కొట్టి సెంచరీ చేశాడు. స్టాండ్స్‌లో ముత్యాలరెడ్డి ఏడుస్తూ దణ్ణాలు పెడుతున్నాడు.

వంటింట్లోంచి మా ఆవిడ కూడా వచ్చి నిలబడింది. "ఆ పెద్దాయన ఉద్యోగం మానేసినాయనేనా?" అంది. అవునన్నాను.

17 జనవరి 2025, శుక్రవారం

స్టీల్‌ప్లాంట్‌కి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఇదే నెలలో వాలంటరీ రిటైర్మెంటు కాగితాలూ వచ్చాయి. ఉంటావా, పోతావా? బావ వారంరోజులుగా ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. "నన్నెవుడు అట్టిపెట్టుకుంటాడు బావా, నానే నన్ను అట్టిపెట్టుకోవాల" అన్నాడు. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. సంతకం పెట్టలేదు. మంచిపనే చేశాడనుకుంటున్నాను, పైకి అనలేదు.

23 మార్చి, ఆదివారం

కొత్త సన్‌రైజర్స్ మొదటి మ్యాచ్. రాజస్థాన్ మీద 286. ఇషాన్ కిషన్ సెంచరీ. పద్ధతి మార్చుకోలేదన్నమాట. జనవరిలో పక్కటెముకల దగ్గర కండరం పట్టేసి ఇంగ్లండ్ సిరీస్‌కి దూరమైన నితీశ్ తిరిగొచ్చి 30 కొట్టాడు.

27 మార్చి, గురువారం

ఉప్పల్‌లో లక్నో చేతిలో ఓటమి. నాలుగు వికెట్లు తీసిన శార్దూల్ ఠాకూర్‌ని వేలంలో ఎవరూ కొనలేదు, గాయపడ్డ ఒకరి బదులు వచ్చాడు. ఆఖర్న 8 బంతుల్లో 22 బాదినవాడు అబ్దుల్ సమద్, మనం వదిలేసిన కుర్రాడే.

30 మార్చి, ఉగాది

మధురవాడలో ఢిల్లీతో మ్యాచ్, మూడున్నరకి. పొద్దున్న గుళ్లో పంచాంగ శ్రవణం విన్నాం. ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని పంతులుగారు చదువుతుంటే అచ్చం వేలం జాబితాలాగే ఉంది. బావ తనకి వచ్చిన అవమానం లెక్క చూసి "నాకు సన్‌రైజర్స్ రాశి పడిందేటి" అన్నాడు.

స్టేడియంలో సగంమంది నితీశ్ కోసం వచ్చారు. ఢిల్లీకి ఇది సొంత మైదానం అని కాగితం మీద ఉంది గానీ, అతను బ్యాటు పట్టుకుని దిగేసరికి వచ్చిన కేకకి పక్కవాడి మాట వినబడలేదు. రెండు బంతులు. సున్నా. స్టార్క్ బౌలింగు, క్యాచ్ అక్షర్. కేకలు వేసినవాళ్లు కూర్చోవటానికి కూడా టైమివ్వలేదు. జట్టు 37కి 4. స్టార్క్‌కి మొత్తం ఐదు వికెట్లు, 35 పరుగులకి. 11.75 కోట్లు, పేపర్లో చదివినప్పుడు సగం ధర అనుకున్నాం.

163 అయినా వచ్చాయంటే అనికేత్ వర్మ వల్ల. 41 బంతుల్లో 74, ఆరు సిక్సర్లు. ధర 30 లక్షలు. ఢిల్లీ పదహారు ఓవర్లలో 7 వికెట్ల తేడాతో గెలిచేసింది. పోయిన మూడు వికెట్లూ మొదటి మ్యాచ్ ఆడుతున్న జీషాన్‌వే, 40 లక్షలు. షమీకి ఒక్కటీ లేదు, కమిన్స్‌కీ లేదు. పరుగులకీ వికెట్లకీ కలిపి సన్‌రైజర్స్‌కి పనికొచ్చిన సరుకు ఖరీదు ఇవాళ్టి మటుకు 70 లక్షలు. ఇంకో మ్యాచ్‌లో క్లాసెన్ ఒక్కడే ఇదంతా తిరగరాయొచ్చు, ఆ సంగతీ తెలుసు. కానీ నవంబరులో ఆ రెండు పేర్లూ చిల్లర కింద రాసుకున్నాను ఈ నోటుబుక్కులో.

బయటికొచ్చేసరికి కార్‌షెడ్ జంక్షన్ దాకా బళ్లు ఆగిపోయి ఉన్నాయి. అవి కదిలేలోగా బావ వచ్చే వేలానికి జట్టు కట్టేశాడు. అందులో షమీ లేడు. క్లాసెన్ ఉన్నాడు గానీ ధర 14 కోట్లకి దించాడు. నితీశ్‌కి మాత్రం ఆరు కోట్లూ అలాగే ఉంచాడు.

"సున్నా కొట్టినా సరే?" అన్నాను.

"మనోడు కదేటి" అన్నాడు.